ఎత్తు చాలని బొప్పాయి

మా బాబాయి ముప్ఫై ఒక్క ఏళ్లు మనుషుల్ని కొలిచి పారేశాడు. కోపంతో అంటున్న మాట కాదిది, ఆయన ఉద్యోగమే అది. కాపలాదళంలో చేరడానికి వచ్చిన కుర్రవాళ్లను చొక్కాలు విప్పించి, మైదానంలో వరసగా నిలబెట్టి, ఎత్తూ ఛాతీ కొలవడం, చాలినవాణ్ని కుడివైపు బెంచీల మీదికి, చాలనివాణ్ని గేటువైపుకు పంపడం. ఒకడు అర సెంటీమీటరు తక్కువ వచ్చి, "పొద్దున్నే కొలిస్తే సరిపోతాను సార్, నిద్ర లేవగానే మనిషి కాస్త పొడుగ్గా ఉంటాడట" అని బతిమాలుకుంటే, "అయితే పొద్దున పూట మాత్రమే కాపలా కాస్తావా" అన్నాడట. ఈ ముక్క ఆయన ప్రతి ఇంట్లోనూ భోజనాల దగ్గర చెప్పేవాడు. చెప్పి, ఎవరెవరు నవ్వారో చూసుకునేవాడు.

అలా కుడివైపుకు వెళ్లినవాళ్లలో ఎందరు నిజంగా కాపలా కాశారో, ఎందరు గోడకు చేరగిలబడి గురక పెట్టారో ఆయనకు తెలియదు. కనుక్కోవాలని కూడా ఎన్నడూ తోచలేదు. కొలవడం వరకే ఆయన పని. ఆఫీసులో అందరూ టేపు సారు అని పిలిచేవాళ్లు. వెక్కిరిస్తున్నారని ఆయన అనుకోలేదు. రిటైరైన రోజు వాళ్లు శాలువాతో పాటు ఒక కొత్త స్టీలు టేపు ఇస్తే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఆ ఇంట్లో అప్పటికే ఇంకో టేపు ఉంది. అది పిన్నిది. పిన్ని బట్టలు కుడుతుంది. ఆయన టేపుకు మనిషి సరిపోవాలి, లేకపోతే ఇంటికి పోవాలి. పిన్ని టేపు అలా కాదు. ఒక భుజం దిగిన ముసలాయన వచ్చినా, నడుమే లేని పిల్ల వచ్చినా, ఉన్నదాన్ని ఉన్నట్టు కొలుచుకుని దానికి తగ్గట్టు బట్ట కోస్తుంది. ఇరవై ఏడేళ్లుగా ఆయన ఆఫీసు టేపూ పిన్ని టేపూ ఒకే మేకుకు వేలాడుతున్నా, ఈ తేడా ఆయన కంట్లో పడలేదు.

ఇల్లు ఇరుకు. ముందు ఒక గది, వెనక వంటగది, రెంటికీ మధ్య రైలుపెట్టె నడవలాంటి సందు. పిన్ని మిషను ఆ సందులోనే. కిటికీ లేదు. నెత్తిమీద ఒక బల్బు, దాని మీద పదేళ్ల వంటపొగ. ఎవరైనా మంచినీళ్లకని వంటగదిలోకి వెళ్లాలంటే పిన్ని కుర్చీ ముందుకు జరగాలి, అప్పుడు కుట్టు వంకర పోతుంది. కళ్ల డాక్టరు రెండుసార్లు అద్దాలు మార్చి, మూడోసారి విసుక్కున్నాడు. అద్దాలు మార్చి లాభం లేదనీ, పగటి వెలుతురులో కుట్టుకోకపోతే ఇంకో మూడేళ్లలో సూదిలో దారం ఎక్కించడానికి కూడా మనిషిని పెట్టుకోవాల్సి వస్తుందనీ చెప్పాడు.

వెలుతురు ఆ ఇంట్లో ఒక్కచోటే ఉంది. పెరట్లో. పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. పదింటికి ఎండ దిగుతుంది, మూడింటికి గోడెక్కిపోతుంది. అక్కడ నాలుగు గుంజలు పాతి, పైన రేకు వేసి, మిషను బయటికి తెచ్చుకోవాలని పిన్ని కోరిక. బాబాయి కాదనలేదు. ఆయన దేన్నీ కాదనడు, చూద్దాం అంటాడు. మూడేళ్లు చూశాడు.

రిటైరయ్యాక ఆయనకు రెండు బాధలు మొదలయ్యాయి. కొలవడానికి మనుషులు లేకపోవడం ఒకటి. పొద్దున్నే కడుపు కదలకపోవడం రెండోది. రెండోదానికి డాక్టరు రోజూ నాలుగు బొప్పాయి ముక్కలు తినమన్నాడు. మొదటిదానికి కూడా మందు అందులోనే దొరికింది.

ఒకరోజు పండు కోసి, గింజలు గుప్పిట్లోకి తీసుకుని చూశాడు. నల్లగా, గుండ్రంగా, వందలకొద్దీ. అభ్యర్థులు.

పిన్ని అప్పటికి రేకుల మనిషితో మాట్లాడి వచ్చి ఉంది. వాడు మర్నాడు గుంజలు తెస్తానన్నాడు. బాబాయి పెరట్లో పలుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కింటి కంపౌండరు గోడమీద మోచేతులు ఆనించి, వీధిలో పొద్దుపోని కష్టం తనకొక్కడికే కాదన్నట్టు, చూస్తున్నాడు.

"గుంజలకి గుంటలు మీరే తవ్వుతున్నారా?" అంది పిన్ని, నమ్మలేక.

"బొప్పాయి వేస్తున్నా. ఒక్క ఏడాది. ఏడాదిలో కాయ కాయకపోతే ఈ పెరడు నీది, నీ మిషను వేసుకో."

"కాస్తే?"

"కాస్తే చెట్టు ఉంటుంది. కాసే చెట్టుని ఎవరైనా కొట్టుకుంటారా?"

"కంపౌండరుగారూ, విన్నారుగా" అంది పిన్ని. ఆయన విన్నానన్నాడు. ఆయన వినకుండా ఆ వీధిలో ఏదీ జరగదు. పిన్ని వెళ్లి రేకుల మనిషికి ఏడాది తరవాత రమ్మని చెప్పి, సందులోకి వచ్చి బల్బు వేసుకుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మొక్కల మీద ప్రేమ అనగానే మనవాళ్లు చెప్పులు విప్పి నిలబడతారు. మొక్కను పెంచేవాడు మెత్తనివాడనీ, మట్టిలో చెయ్యి పెట్టినవాడి మనసులో మురికి ఉండదనీ ఎవరు పుట్టించారో గానీ, ఆ మాట పట్టుకుని ఎందరు పెత్తందార్లు కుండీల వెనక దాక్కుంటున్నారో లెక్కలేదు. భార్య చోటు భర్త కుర్చీ వేసుకుని ఆక్రమిస్తే దాన్ని దౌర్జన్యం అంటాం. అదే చోట ఆయన మొక్క వేస్తే పచ్చదనం అంటాం. బాబాయి చేరిన ఫోను గుంపులో నూట ఎనభై మంది ఉన్నారు. తెల్లారేసరికి ఒకరి చిగురుకు మరొకరు చప్పట్లు కొట్టుకుంటారు. వాళ్లలో ఒక్కరైనా ఆ పెరడు ఎవరిదని అడగలేదు.

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టలేం. గింజల మీది జిగురుపొర పోయేలా బూడిదతో రుద్ది కడిగాడు. నీడలో ఆరబెట్టాడు. ఇరవై సంచుల్లో మట్టి, ఇసుక, మాగిన పేడ కలిపి నింపి, వేలి గణుపంత లోతులో గింజ పెట్టాడు. మూడువారాలకు పద్నాలుగు మొలిచాయి. మొలవని ఆరింటిని "గైర్హాజరు" అని పుస్తకంలో రాసుకున్నాడు.

అవును, పుస్తకం. ఆఫీసు నుంచి తెచ్చుకున్న పొడుగాటి పుస్తకమే. నిలువు గీతలు గీసి, ఎత్తు, చుట్టుకొలత, ఆకుల సంఖ్య, నడవడి అని నాలుగు గడులు పెట్టాడు. నడవడి అంటే మొక్క నిటారుగా నిలబడుతోందా, గాలికి తలొంచుతోందా అని. స్టీలు టేపు లేత కాండానికి గుచ్చుకుంటోందని పిన్ని టేపు తీసుకునేవాడు. పిన్ని ఎవరి మెడ చుట్టుకొలతో తీయబోయి మేకు మీద చెయ్యి పెడితే అక్కడ టేపు ఉండేది కాదు. పెరట్లో బొప్పాయికి ఛాతీ కొలత జరుగుతూ ఉండేది. మొక్కను ఊపిరి పీల్చి బిగబట్టమనడం ఒక్కటే తక్కువ.

రెండో నెలలో సంచులనుంచి నేలలోకి మార్చే ముందు ఊరి చివరి నర్సరీకి వెళ్లాడు. అక్కడి ఆవిడ తలకు తువ్వాలు చుట్టుకుని, మోకాళ్లదాకా బురదతో, మొక్కలకు మందు కొడుతోంది. ఆవిడ చెప్పిన సలహా మూడు వాక్యాలు. గుంటలో మూడు మొక్కలు పెట్టండి. పూత వచ్చేదాకా ఒక్కటి కూడా పీకకండి. పూత చూశాక మగవి తీసేసి, ఆడది ఒకటి ఉంచుకోండి.

"బలమైనదేదో చూస్తే తెలీదా?" అన్నాడు బాబాయి.

"తెలిసేదైతే నేను మూడేసి ఎందుకు పెడతానండీ?"

చదువుకోని మనిషి కాబట్టి ఆవిడకు ఎంపిక అంటే ఏమిటో తెలియదని ఇంటికి వచ్చి చెప్పాడు. పెరట్లో గుంట తవ్వడానికి బాగా ఎండ పడే చోటు ఒక్కటే ఉంది. పద్నాలుగింటిలో పదకొండింటిని అక్కడే అనర్హం చేసి, దూరపు పేటల్లో ఉండే గుంపువాళ్లకు పంచేశాడు. మిగతా మూడూ గుంటలో పెట్టి, నెల తిరక్కుండానే చివరి కొలతలు తీశాడు. ఒకటి రెండడుగుల పావు, నిటారుగా, సైనికుడిలా ఉంది. రెండోది దానికన్నా నాలుగంగుళాలు తక్కువ. మూడోది అడుగున్నర, మెడ దగ్గర వంకర. రెండో, మూడో మొక్కలకు ఎదురుగా ఎర్రసిరాతో "అనర్హం, తొలగించడమైనది" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, రెంటినీ పీకేశాడు. పూత రావడానికి అప్పటికింకా మూడు నెలలుంది.

రెండోది వేరు తెగి అక్కడికక్కడే వాడిపోయింది. ముందురోజు వాన పడింది కాబట్టి మూడోది మట్టిగడ్డతో సహా ఊడివచ్చి గోడవార పడింది. పిన్ని దాన్ని చూసింది. జాలిపడిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు, పిన్నికి అంత తీరిక లేదు. ముక్క పారేయడం దర్జీలకు చేతకాదు, అంతే. చొక్కా కోయగా మిగిలిన పీలికతో జేబు, జేబుకు పోగా మిగిలినదానితో గుండీ తొడుగు చేసే మనిషి. వీధి గేటు పక్కన అడుగు పగిలిన నీళ్ల డ్రమ్ము ఒకటి ఊరికే పడి ఉంటే అందులో మట్టి పోసి, వంకరమెడను నిలబెట్టింది. బట్టలు జాడించిన ఆఖరి నీళ్లు దానికి పోసేది.

"అది మెడికల్‌లో పోయిన కేసు" అని నవ్వాడు బాబాయి.

ఎన్నికైన మొక్కకు మాత్రం రాజభోగం. చుట్టూ వెదురు కంచె. మేకలు తినేస్తాయట. మూడువైపులా ఇటుకగోడలూ, నాలుగోవైపు వంటగదీ ఉన్న పెరట్లోకి మేక ఎటునుంచి వస్తుందో కంపౌండరు కూడా అడగలేదు. పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ, దానిమీద కూర్చుని పాటలు వినిపించడానికి రేడియో, నడవడానికి కంకర దారి, "దయచేసి ఆకులు తాకవద్దు" అని అట్టముక్క మీద ఒక బోర్డు. ఇంట్లో ఉండేది ఇద్దరు. ఆయన తాకుతూనే ఉంటాడు కాబట్టి, ఆ బోర్డు ఎవరికో వేరే చెప్పనక్కర్లేదు.

ప్రేమ ఎక్కువై రోజుకు రెండు బిందెలు నీళ్లు పోశాడు. ఆకులు పసుపు తిరిగి, కాండం మొదట్లో మెత్తబడింది. మళ్లీ నర్సరీకి పరుగెత్తాడు. ఆవిడ వచ్చి చూసి, బొప్పాయికి దాహం కన్నా మునక ఎక్కువ ప్రమాదమని తిట్టి, మొదలు చుట్టూ మట్టి ఎత్తుగా ఎగదోసి, నీళ్లు అడుగు దూరంలో గాడి తీసి పోయమంది. వెళ్తూ వెళ్తూ గుంటవైపు చూసి, మిగతా రెండూ ఏవని అడిగింది. ఎంపికైపోయిందని చెప్పాడు. ఆవిడ తువ్వాలు విప్పి మళ్లీ చుట్టుకుంది.

ఆరో నెలలో పూత వచ్చింది. మామూలు పూత కాదు. పొడుగాటి తీగల్లాంటి కాడలు, వాటినిండా గుత్తులు గుత్తులుగా తెల్లని చిన్న పూలు, జడగంటల్లా వేలాడుతూ. బాబాయి ఒక కాడకు ఎన్ని పూలో లెక్కపెట్టి, మొత్తం హెచ్చవేసి, గుంపులో ప్రకటించాడు. నూట ఎనభై మందీ చప్పట్లు కొట్టారు. వీధిలో ఇంటింటికీ వెళ్లి ఎవరికి ఎన్ని పళ్లు కావాలో ముందే రాసుకున్నాడు. పిన్ని సందులోంచి తలెత్తి, కాయ కనబడిందా అని మాత్రం అడిగింది. నాలుగు రోజుల్లో కనబడుతుందన్నాడు.

నాలుగు వారాలు పూలు రాలాయి. కంకర దారి తెల్లబడింది. చివరికి ఫొటో తీసుకుని నర్సరీకి వెళ్తే, ఆవిడ ఫోను చేతిలోకి కూడా తీసుకోలేదు.

"మగది సార్ అది. కాయదు."

"ఇన్ని పూలు పూస్తోందమ్మా!"

"పూస్తుంది. జీవితమంతా పూస్తూనే ఉంటుంది."

ఆయనకు ఆ మాట దిగడానికి వారం పట్టింది. పొడుగైనది, నిటారైనది, నడవడిలో పదికి పది వచ్చినది. ముప్ఫై ఒక్క ఏళ్లు మగవాళ్లను మాత్రమే కొలిచిన చెయ్యి మళ్లీ మగదాన్నే ఏరుకుంది మరి. ఆ తరవాత వైద్యం మొదలైంది. గుంపులో ఒకరు కాండంలో మేకు దిగ్గొట్టమంటే దిగ్గొట్టాడు. ఇంకొకరు తల నరికితే ఒక్కోసారి ఆడదిగా మారుతుందన్నారు. నర్సరీ ఆవిడ, ఎప్పుడో వందలో ఒకటి మారితే మారుతుందేమో, నేనైతే నమ్ముకోనంది. తల నరికాడు. రెండు కొమ్మలు వేసింది. రెండింటికీ జడగంటలే.

అప్పటికి తొమ్మిదో నెల. ఇంకో ఏడాది గడువు కావాలని మెల్లగా అడిగాడు. మొక్క జబ్బునుంచి లేస్తోందనీ, ఇప్పుడు కదిపితే పాపమనీ అన్నాడు.

అదే వారం ఒక బడికి కుట్టిన ఇరవై ఆరు నిక్కర్లు తిరిగి వచ్చాయి. బట్ట ముదురు నీలం. సందులో బల్బు కింద పిన్ని వాటిని నల్లదారంతో కుట్టింది. రెండు దారపు ఉండలూ పక్కపక్కనే పెట్టుకుని, నీలమేదో నలుపేదో పోల్చుకోలేకపోయింది. వీధి గుమ్మంలో నిలబడి చూస్తే చిన్నపిల్లకైనా తెలిసే తేడా. బడివాళ్లు తిట్టలేదు, అదే ఆవిడకు ఎక్కువ గుచ్చుకుంది. "కళ్లు కనబడటం లేదేమోనమ్మా, ఈసారికి సర్దండి, వచ్చే ఏడు వేరేవాళ్లకి ఇచ్చుకుంటాం" అన్నారు. ఇరవై ఆరు నిక్కర్ల కుట్లూ విప్పి మళ్లీ కుట్టింది, అదే బల్బు కింద. దారపు ఉండ ఒక్కొక్కటీ వీధి గుమ్మం దాకా తీసుకెళ్లి, వెలుతురుకు పెట్టి చూసుకుని, మళ్లీ లోపలికి వచ్చేది.

అలా గుమ్మంలోకి తిరుగుతున్నప్పుడే డ్రమ్ము వంక సరిగ్గా చూసింది. వంకరమెడ పిన్ని నడుమెత్తు కూడా పెరగలేదు. కానీ ఆకుకాడల మొదట్లో, కాండానికి అంటుకుని, పిడికిలి అంతటి పచ్చని కాయలు. లెక్కపెట్టింది. పదకొండు. పూత ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. దానికి కంచె లేదు, రేడియో లేదు, బోర్డు లేదు. ఎవరికీ చెప్పకుండా పిన్ని మళ్లీ నిక్కర్ల ముందు కూర్చుంది.

ఏడాది నిండిన రోజు పిన్ని రేకుల మనిషిని పిలిపించింది. వాడు గుంజలు దింపుతుంటే, బాబాయి వీధిలోంచి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. కంపౌండర్నీ, ఎందుకైనా మంచిదని నర్సరీ ఆవిడనూ వెంటబెట్టుకొచ్చాడు. గేటు దగ్గర డ్రమ్మును చూపించాడు.

"కాయ కాసింది. నేను వేసిన గింజ, నేను పెంచిన మొలక. షరతు ఏమిటి? ఏడాదిలో కాయ కాస్తే పెరట్లో చెట్టు ఉంటుంది. కంపౌండరుగారూ, చెప్పండి."

కంపౌండరు గొంతు సవరించుకుని, అక్షరాలా చూస్తే అన్నమాట అదేనన్నాడు. ఆ డ్రమ్ము వైపు ఏడాదిలో ఒక్క చెంబు నీళ్లు పోయని మనిషి, దాని కాయలు చూపించి పెరడు అడుగుతుంటే, అడ్డు చెప్పడానికి కంపౌండరుకు నోరు రాలేదు. మాటకు కట్టుబడటం అని దీన్నే అంటారు కాబోలు.

పిన్ని లోపలికి వెళ్లి పొడుగాటి పుస్తకం తెచ్చి, పేజీ తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇది ఎవరి సంతకం?"

ఆయన చూశాడు. ఎర్రసిరా. మూడో మొక్క. అనర్హం, తొలగించడమైనది.

"మీరు సంతకం పెట్టి గేటు బయటికి పంపినవాడు ఆ తరవాత ఏ ఉద్యోగం చేసుకుంటే మీకెందుకు?" అంది పిన్ని. "ఎప్పుడైనా ఒక్కణ్ని వెనక్కి పిలిచారా?"

తన సంతకాన్ని కాదనడం ఆయనకు ప్రాణం పోయినా రాదు. పుస్తకం మూశాడు. అక్కడితో ఐపోవాలి. కానీ నర్సరీ ఆవిడకు అబద్ధం చేతకాదు. ఆవిడ డ్రమ్ములోని కాయ ఒకటి గోటితో తట్టి చూసి, ఒక మాట చెప్పాలంది. డ్రమ్ములోది ఆడది. ఆడదానికి పుప్పొడి అందకపోతే పిందె నిలవదు. చుట్టుపక్కల ఇంకో బొప్పాయి లేదు. వెనకనున్న మగది పూయబట్టే ఇది కాసింది.

బాబాయి మొహం వెలిగిపోయింది. విన్నావా అన్నట్టు పిన్నివైపు చూశాడు. ఏడాది మొత్తంలో ఆయన చేసిన పనుల్లో పనికివచ్చింది ఇదొక్కటే, అదీ ఆయనకు తెలియకుండా జరిగింది.



"ఆ చెట్టు బతకడానికి ఎంత చోటు కావాలి?" అని పిన్ని నర్సరీ ఆవిడనే అడిగింది.

"మొదలు చుట్టూ రెండడుగులు వదిలితే చాలక్కా. నీళ్ల గాడితో కలిపి."

పిన్ని మేకు మీది టేపు తీసుకుని పెరట్లోకి నడిచింది. అందరూ వెనకే వెళ్లారు. కంచె, కుర్చీ, రేడియో, కంకర దారి, బోర్డు. పన్నెండడుగుల పెరట్లో చెట్టు నిలబడింది ఒక మూల. మిగతాదంతా చెట్టు కాదు.

"చెట్టు ఉండనీండి, పాపం దానిదేం తప్పు" అంది పిన్ని. "చెట్టుకి రెండడుగులు చాలట. మరి ఈ మిగతాదాంట్లో ఏడాదిగా ఎవరు పెరిగారండీ?"

కంపౌండరు నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. రేకుల మనిషి మార్చుకోలేదు.

బాబాయి కంచె మేకల కోసమని ఏదో అనబోయి, నాలుగు గోడలవైపూ చూసి ఆగిపోయాడు. కుర్చీ తనే తీశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలో పట్టుకుని తిరిగాడు. గుంజ పాతేచోట కంకర ఉందని రేకుల మనిషి విసుక్కుంటే, వంగి ఆ రాళ్లు ఏరాడు.

"ఇలా రండి" అంది పిన్ని. టేపు కొస ఆయన చేతికిచ్చింది. "ఆ గోడకి ఆనించి పట్టుకోండి. వదలకండి."

ఆయన గోడకు ఆనించి పట్టుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో అంకెలు కనబడని కొస పట్టుకోవడం ఆయనకు అదే మొదటిసారి. పిన్ని అవతలి కొస లాక్కుంటూ చెట్టు దాటి, గాడి దాటి, ఎండ అంచు దాకా వెళ్లింది. అద్దాలు పైకి తోసుకుని, ఆ వెలుతురులో అంకె చదువుకుంది.

"ఎంత వచ్చింది?" అన్నాడు బాబాయి ఆత్రంగా.

"మిషను పడుతుంది" అంది పిన్ని. రేకుల మనిషి పలుగు ఎత్తాడు.